రాయదుర్గం ఎలుగు: నల్ల జీన్స్ తునకలతో ఒక జ్ఞాపిక బొమ్మ (పని డైరీ)

జూన్ మొదట్లో: ఏ ఎలుగు?

అనంతపురం వచ్చినవాళ్ళు గుర్తుగా పట్టుకెళ్ళడానికి వస్తువులు లేక కాదు. ధర్మవరం చీర ఉంది, నిమ్మలకుంట తోలుబొమ్మ ఉంది, లేపాక్షి నంది ప్రతిమ ఉంది. పిల్లలున్న ఇంటికి తీసుకెళ్ళే మెత్తటి బొమ్మ మాత్రం లేదు. దుకాణాల్లో దొరికే టెడ్డీ గోధుమ రంగు ఫర్‌తో, కడుపు మీద ఊరి పేరు ప్రింటుతో వస్తుంది. ఆ పేరు మారిస్తే అదే బొమ్మ ఊటీలోనూ అమ్ముకోవచ్చు. ఈ ప్రాజెక్టుకు పెట్టుకున్న షరతు ఒక్కటే: పేరు రాసిన ముక్క ఊడిపోయినా బొమ్మ ఎక్కడిదో తెలియాలి.

అందుకు కొత్త జంతువును వెతకక్కర్లేదు. రాయదుర్గం, కళ్యాణదుర్గం వైపు గుండ్ల గుట్టల్లో ఎలుగుబంట్లు ఉన్నాయి. పొద్దుగూకితే దిగి వేరుశనగ చేలలోకి, సీతాఫలం చెట్ల కిందికి, నీళ్ళున్న చోటికి వస్తాయి. ఈ ఎలుగు టెడ్డీలా గుండ్రటి మొహంతో, పొట్టి ముట్టెతో ఉండదు. ముట్టె పొడుగు, రంగు బూడిద తెలుపు. ఒళ్ళు నలుపు. మెడ, భుజాల మీద జూలు దట్టం, పొట్ట కింద వెంట్రుక పలచన. రొమ్ము మీద తెల్లటి గీత, ఒకదానికి ‘వి’ ఆకారంలో, మరొకదానికి ‘యు’ ఆకారంలో ఉంటుంది. ముందు కాళ్ళకు చెదల పుట్టలు తవ్వే పొడవాటి వంకర గోళ్ళు. పై దవడలో ముందు పళ్ళు రెండు ఉండవు. ఆ సందులోంచే చెదలను గాలితో పాటు లోపలికి పీలుస్తుంది. బొమ్మలో ఇవన్నీ కనిపించాలి. ముఖ్యంగా ముట్టె, జూలు, గీత, గోళ్ళు. ఈ నాలుగిట్లో ఏది తప్పినా మళ్ళీ దుకాణం టెడ్డీయే మిగులుతుంది.

టెడ్డీ పుట్టుకలోనూ ఉన్నది నల్ల ఎలుగే. 1902 నవంబరులో అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ మిసిసిపీ అడవుల్లో వేటకు వెళ్ళాడు. హోల్ట్ కోలియర్ అనే వేట మార్గదర్శి ఒక నల్ల ఎలుగును పట్టి చెట్టుకు కట్టేశాడు. కట్టేసిన జంతువును కాల్చనని రూజ్‌వెల్ట్ అన్నాడు. గాయపడి ఉంది కాబట్టి బాధ తీర్చమని అతనే చెప్తే దాన్ని కత్తితో చంపేశారు. కథలో ఈ సగాన్ని బొమ్మలమ్మేవాళ్ళు చెప్పరు. నవంబరు 16న వాషింగ్టన్ పోస్టులో క్లిఫర్డ్ బెర్రీమన్ వేసిన కార్టూన్‌తో సంగతి దేశమంతా పాకింది. బ్రూక్లిన్‌లో మోరిస్ మిక్టమ్ దంపతులు రూజ్‌వెల్ట్ ముద్దుపేరు ‘టెడ్డీ’తో బొమ్మ కుట్టి దుకాణం అద్దాల్లో పెట్టారు. దాదాపు అదే కాలంలో జర్మనీలో స్టైఫ్ కంపెనీ కాళ్ళూ చేతులూ కదిలే ఎలుగు బొమ్మ చేసి 1903లో లైప్‌జిగ్ సంతకు తీసుకెళ్ళింది. అంటే మొదటి టెడ్డీ కూడా ఒక ఊరి అడవిలో జరిగిన ఒక సంఘటనకు గుర్తుగా పుట్టిందే.

మన వైపు అంతకు ముందే వేరే రకం ఎలుగు జ్ఞాపిక ఉండేది. ఎలుగును ఆడించేవాళ్ళు వీధిలోకి వస్తే దడుపు పోతుందని పిల్లల్ని దాని వీపు మీద ఎక్కించి దించేవాళ్ళు. నాలుగు వెంట్రుకలు అడిగి తీసుకుని తాయెత్తులో పెట్టి మెడకు కట్టేవాళ్ళు. ఆ వెంట్రుకలిచ్చిన జంతువుకు ముట్టె గుచ్చి తాడు ఎక్కించి, కోరలు పీకి ఉండేవి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దీన్ని నేరం చేసింది. ఎలుగు షెడ్యూల్ 1లో, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉంది, దాని వెంట్రుక, గోరు ఏది అమ్మినా కేసే. ఆట మాత్రం వెంటనే ఆగలేదు. ఆడించే కుటుంబాలకు వేరే బతుకుతెరువు చూపించాక, 2009 నాటికి దాదాపు పూర్తిగా ఆగింది. ఈ బొమ్మకు పెట్టే జూలు ఆ తాయెత్తు వెంట్రుకకు బదులు అనుకోవచ్చు.

జూన్ చివర: గుడ్డ

ఫర్ క్లాత్ వాడకూడదని తేల్చుకున్నాం. నల్ల ఫర్ సూరత్ నుంచో ఢిల్లీ నుంచో రావాలి, వచ్చినా ఎలుగు జూలులా ఉండదు, నున్నగా మెరుస్తుంది. రాయదుర్గంలో జీన్స్ కుట్టే యూనిట్లు వీధి వీధికీ ఉన్నాయి. కటింగ్ టేబుల్ కింద గోతాల కొద్దీ డెనిమ్ తునకలు పడి ఉంటాయి. అందులో నల్ల డెనిమ్ ఏరుకుంటే బొమ్మకు కావలసిన గుడ్డంతా అక్కడే దొరుకుతుంది.

డెనిమ్‌లో పడుగు (నిలువు) పోగులకే రంగు వేస్తారు, పేక (అడ్డం) పోగులను తెల్లగానే వదిలేస్తారు. నేతలో పడుగు మూడు పేకల మీదుగా వెళ్ళి ఒకదాని కింద దూరుతుంది కాబట్టి పైకి నలుపు, వెనక్కి తిప్పితే బూడిద తెలుపు. ఈ బొమ్మ రంగులన్నీ ఇక్కడినుంచే వస్తాయి. ఒళ్ళు ముందు వైపుతో, ముట్టె వెనక వైపుతో. తెల్ల పేకను లాగేస్తే వేలాడే నల్ల పడుగు జూలవుతుంది. నల్ల పడుగును లాగేస్తే మిగిలే తెల్ల పేక రొమ్ము గీతవుతుంది. వేరే రంగు గుడ్డ ఒక్క ముక్క కూడా కొననక్కర్లేదు.

తునకలు ఏరేటప్పుడు మూడు పరీక్షలు. మొదటిది, అంచు నుంచి అటొక పోగు, ఇటొక పోగు లాగి చూడాలి. రెండూ నల్లగా వస్తే అది పేకకూ రంగు వేసిన గుడ్డ. జూలుకు పనికొస్తుంది గానీ గీతకూ ముట్టెకూ పనికిరాదు. రెండోది, అడ్డంగా సాగదీయాలి. ఇప్పటి జీన్స్‌లో ఎక్కువ భాగం సాగే రకం, పేకలో లైక్రా ఉంటుంది. ఒళ్ళు దాంతో కుడితే నింపుతున్న కొద్దీ పక్కలకు ఉబ్బుతుంది. గీతకు వాడితే తెల్ల పోగులు చుట్టలు చుట్టుకుంటాయి. కాబట్టి సాగేది పక్కన పెట్టేయాలి. మూడోది బరువు. ఒంటికి చదరపు గజానికి 8 ఔన్సుల గుడ్డ, అంటే చదరపు మీటరుకు 270 గ్రాముల చిల్లర. జూలుకు 10 నుంచి 12 ఔన్సులది. పోగు లావు కాబట్టి వెంట్రుకలా నిలబడుతుంది. ఒంటికి కూడా 12 ఔన్సులు పెడితే ముట్టె కొస, చెవుల అంచు తిరగబడవు, సూదులు విరుగుతాయి.

జీన్స్‌ను కుట్టిన తర్వాతే వాషింగ్‌కు పంపుతారు. అందుకే కటింగ్ తునకలన్నీ ఉతకని గుడ్డే: గంజి పట్టి అట్టలా ఉంటుంది, తడిస్తే ముడుచుకుంటుంది, రంగు కారుతుంది. అలాగే కుడితే మొదటిసారి తడవగానే కుట్లు ముడతలు పడి, తెల్ల గీత బూడిదరంగుకు దిగుతుంది. చేయవలసింది ఇది: 10 లీటర్ల బాగా వేడి నీళ్ళలో 50 గ్రాముల చాకలి సోడా, రెండు చెంచాల బట్టల సబ్బుపొడి కలిపి కిలో గుడ్డను గంట నానబెట్టాలి, కర్రతో తిప్పుతూ. ఆపై నీళ్ళు దాదాపు తేటగా వచ్చేదాకా జాడించాలి. నీడలో ఆరబెట్టాలి. నల్ల డెనిమ్‌కు ఎక్కువగా వేసేది సల్ఫర్ రంగు, దానికి బ్లీచింగ్ పడదు. గీత ఇంకా తెల్లబడాలని బ్లీచ్‌లో ముంచితే పక్కనున్న నలుపు గోధుమ రంగుకు తిరుగుతుంది. తెలుపు తక్కువైతే వేరే తునక చూసుకోవడమే మేలు.

జూలై: కుచ్చు

కుచ్చు అంటే ఒక వైపు పోగులు లాగేసి జూలులా వేలాడదీసిన గుడ్డ పట్టీ. పనిలో సగం ఇదే. ఒక్క బొమ్మకు 4 సెం.మీ. వెడల్పు పట్టీలు మొత్తం 5.5 మీటర్లు కావాలి. వీపుకు 8 వరసలు, మెడ చుట్టూ 3, ఒక్కో చేతి బయటి వైపు 6, ఒక్కో కాలి బయటి వైపు 4, మిగతాది నెత్తికీ చెంపలకూ. పొట్టకు, చేతుల లోపలి వైపుకు కుచ్చు వేయం. అసలు ఎలుగుకూ అక్కడ వెంట్రుక పలచనే కాబట్టి బొమ్మ నిజానికి దగ్గరగా ఉంటుంది, పనీ మిగులుతుంది.

కత్తిరించే దిశ తప్పితే మొత్తం వృథా. నల్ల జూలు కావాలంటే పట్టీ 4 సెం.మీ. వెడల్పు పడుగు వెంట ఉండాలి, పొడవు పేక వెంట. పై అంచు నుంచి 1 సెం.మీ. కిందికి మిషన్ మీద ఒక కుట్టు వేయాలి, కుట్టు నిడివి 1.5 మి.మీ. అంత దగ్గరగా ఉంటేనే పోగులు పట్టు విడవవు. తర్వాత కింది అంచు నుంచి తెల్ల పేకలను ఒక్కొక్కటే లాగుతూ ఆ కుట్టు దాకా రావాలి. పట్టీ 25 సెం.మీ. కంటే పొడుగుంటే పేక మధ్యలో తెగుతుంది, తెగిన కొసను సూదితో వెతికి తీయడానికి లాగినదానికంటే ఎక్కువసేపు పడుతుంది. అందుకని చిన్న పట్టీలే కోయాలి. కుట్టేటప్పుడు పక్కపక్కన పెడితే అతుకు కనిపించదు. చేయి తిరిగినవాళ్ళకు మీటరు కుచ్చుకు అరగంట పడుతుంది.

పేకలు తీసేశాక పడుగు పోగులు తిన్నగా, దారాల్లా వేలాడతాయి. అలా వదిలేస్తే తలుపు తెరలా ఉంటుంది. తడి చేత్తో నలిపి, ఆరాక సన్న పళ్ళ దువ్వెనతో రెండుసార్లు దువ్వితే పురి కొంచెం విప్పుకుని చింపిరి జూలవుతుంది. ఎక్కువ దువ్వితే పోగు దూదిలా విడిపోయి రాలుతుంది. ఆఖర్న కొసలు సమానంగా కత్తిరించొద్దు. కత్తెరను నిలువుగా పట్టుకుని అక్కడక్కడా పొడిచినట్టు కోస్తే ఎగుడుదిగుడుగా వస్తుంది.

వరసలు కింది నుంచి పైకి కుట్టాలి, పెంకుటింటి కప్పు నేసినట్టు, పైవరస కింది వరస తలను కప్పేలా. వరసకూ వరసకూ మధ్య 2 సెం.మీ. ముక్కలు కలపక ముందే, బల్ల మీద పరిచి ఉండగానే ఇవి కుట్టేయాలి. పక్క కుట్టు గీతకు 8 మి.మీ. ముందే పట్టీ ఆగిపోవాలి. అంచు దాకా తీసుకెళ్తే పక్క కుట్టు దగ్గర గుడ్డ ఆరేడు పొరలై జూకీ (ఫ్యాక్టరీ కుట్టు) మిషన్ కూడా మొరాయిస్తుంది. బొమ్మ తిరగేశాక ఆ ఖాళీ మీద చిన్న కుచ్చు ముక్క చేత్తో కుట్టేస్తే కనిపించదు.

రొమ్ము గీతకు దిశ మారుతుంది: పట్టీ వెడల్పు 3 సెం.మీ., పేక వెంట. 2 సెం.మీ. మేర నల్ల పడుగును లాగేస్తే తెల్ల కుచ్చు. ‘వి’లో ఒక్కో వైపు 7 సెం.మీ. పట్టీ పై అంచుకు సెంటీమీటరుకొక గాటు పెడితే వంపు తిరుగుతుంది, కొస దగ్గర ‘యు’ కావాలన్నా చేసుకోవచ్చు. రొమ్ము ముక్కలు రెండింటినీ నడి కుట్టుతో కలిపాక, పక్క కుట్లు వేయక ముందు దీన్ని కుట్టాలి. ఒక్కో ఎలుగుకు గీత ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఇక్కడ మాత్రం కుట్టేవాళ్ళ ఇష్టానికి వదిలేశాం. అన్నిటికీ ఒకే అచ్చు పెట్టడం అనవసరం.

జూలై చివర: అచ్చు కాగితాలు, కుట్టు

నిలబెడితే ఎత్తు 30 సెం.మీ., కూర్చోబెడితే 22. ఒళ్ళు 16, చేతులు 15, కాళ్ళు 12 సెం.మీ. చేతుల కంటే కాళ్ళు పొట్టిగా ఉండటం కావాలని చేసిందే, కూర్చున్న ఎలుగు ముందుకు వాలినట్టు కనిపిస్తుంది. మొత్తం 23 ముక్కలు: వీపు 2, రొమ్ము 2, తల పక్కలు 2, తల నడిబద్ద 1, ముట్టె 2, చెవులు 4, చేతులు 4, కాళ్ళు 4, పాదాలు 2. అన్నిటికంటే పెద్ద ముక్క వీపుది, 20 సెం.మీ. పొడుగు, 14 వెడల్పు. తునక అంతకంటే చిన్నదైతే చేతులకూ చెవులకూ వాడుకోవాలి.

ఎడమ, కుడి ముక్కలను గుడ్డ రెండు మడతలు పెట్టి ఒకేసారి కోయొచ్చు గానీ పడుగు దిశ రెండిట్లోనూ ఒంటి నిలువు వెంటే ఉండాలి. ఏటవాలుగా కోసిన ముక్క నింపాక మెలి తిరుగుతుంది, బొమ్మ ఎప్పుడూ పక్కకు చూస్తున్నట్టే ఉంటుంది.

కుట్టు వదులు (అంచుకూ కుట్టుకూ మధ్య వదిలే గుడ్డ) 6 మి.మీ., కుట్టు నిడివి 2.5 మి.మీ., సూది 16 నంబరు. మెడ దగ్గర, కాళ్ళ మధ్య 18 నంబరు వేసి రెండు వరసలు. దారం పాలిస్టర్‌దే, నూలు దారం డెనిమ్ రాపిడికి అరుగుతుంది. వంపులన్నిటికీ కుట్టుకు 2 మి.మీ. దూరం దాకా గాట్లు. వీపు నడిమి కుట్టులో 7 సెం.మీ. నింపడానికి వదలాలి, అది కుచ్చు కింద దాగిపోతుంది.

ఆగస్టు: తల

తల ముక్కు నుంచి వెనక దాకా 11 సెం.మీ., అందులో ముట్టె 5. మామూలు టెడ్డీ అచ్చులో ముట్టె 3కి మించదు. మొదటి నమూనా దుకాణం టెడ్డీలా కనిపించడానికి కారణం అదే. రెండు సెంటీమీటర్లు పెంచగానే మొహం మారిపోయింది.

ముట్టెకు డెనిమ్ వెనక వైపు బయటికి పెట్టి కుట్టాలి. బూడిద తెలుపు సరిగ్గా కుదురుతుంది, ఏటవాలు నేత గీతలు మాత్రం కనిపిస్తాయి. రెండు ముక్కల్లోనూ గీతలు ముక్కు వైపు దిగేలా ఎదురెదురుగా పెడితే ముడతలు పడ్డ చర్మంలా ఉంటుంది, ఒకే వైపు పోతే ముట్టె వంకరగా అనిపిస్తుంది. ముక్కుకు జీన్స్ పై కుట్టుకు వాడే లావు నల్ల దారంతో నింపు కుట్టు, అడ్డంగా 2 సెం.మీ. నోరు గీసేటప్పుడు పళ్ళు చూపించొద్దు. కింది పెదవి కొంచెం వేలాడేలా ఒక వదులు ముడత పెట్టి రెండు కుట్లతో ఆపితే చాలు, చెదలు పీల్చే మూతి వచ్చేస్తుంది.

కళ్ళకు జీన్స్ జేబు మూలల్లో కొట్టే రివెట్లు, నల్ల పూతవి, 8 మి.మీ. ఇత్తడి రంగువి పెడితే చీకట్లో టార్చి పడ్డ కళ్ళలా మెరుస్తాయి. కొందరికి నచ్చొచ్చు గానీ పిల్లలు భయపడతారు. రివెట్ మేకు మందమైన గుడ్డకు సరిపడేలా చేసింది. ఒంటి పొర 8 ఔన్సుల గుడ్డకు కొడితే లోపల ఆడుతుంది, కొన్నాళ్ళకు రంధ్రం పెద్దదై ఊడుతుంది. దాని వెనక, జేబు లోపలికి వాడే గుడ్డ రెండు మడతలు, డెనిమ్ ముక్క ఒకటి పెట్టి ప్రెస్ మీద కొట్టాలి. తల నింపక ముందే కొట్టేయాలి, తర్వాత ప్రెస్ అందదు. కళ్ళు చిన్నవిగా, దగ్గరగా, ముట్టె మొదట్లోనే ఉండాలి.

చెవులు పెద్దవి, 5 సెం.మీ., తలకు పక్కగా కిందికి వాలి ఉంటాయి. వెనక మూడు పొట్టి కుచ్చులు పెట్టాలి. అసలు జంతువుకు అక్కడ కూడా జూలు ఎక్కువే.

గోళ్ళు

పైజామా నాడాకు వాడే గుండ్రటి తెల్ల నూలు తాడు, 4 మి.మీ. మందం. 4 సెం.మీ. ముక్కలుగా కోసి, సగం నీళ్ళు కలిపిన ఫెవికాల్‌లో ముంచి, పెన్సిల్ చుట్టూ వంచి ఆరబెడితే వంకర నిలుస్తుంది. చేతికి ఐదు చొప్పున. 2 సెం.మీ. బయటికి, మిగతా 2 సెం.మీ. లోపల కుట్టులో. కొలతల లెక్కన చూస్తే ఈ సైజు బొమ్మకు గోరు ఒకటిన్నర సెంటీమీటర్లే రావాలి. కొంచెం ఎక్కువే పెట్టాం, ఎందుకంటే ఎలుగును ఎలుగని గుర్తుపట్టించేది అదే. కాళ్ళ గోళ్ళు పొట్టివి, లావు దారంతో కుడితే చాలు.

ఫెవికాల్ నీళ్ళలో మెత్తబడుతుంది. కాబట్టి ఈ బొమ్మను మిషన్‌లో ఉతకకూడదు, తడిగుడ్డతో తుడవాలి. ట్యాగ్ మీద ఈ మాట తప్పనిసరి.

ఆగస్టు చివర: నింపడం, కీళ్ళు

ఆదోని దూది చేతికి అందేంత దూరంలో ఉండగా పాలిస్టర్ ఎందుకని అనిపిస్తుంది. దూది నింపితే బొమ్మ చేతిలో హాయిగా బరువుగా ఉంటుంది, నిజమే. తడి తగిలితే మాత్రం గడ్డలు కట్టి ఆరదు, గుడ్డ లోపల ముక్కిన వాసన వస్తుంది. తల, చేతులు, కాళ్ళకు రీక్రాన్ (పాలిస్టర్) దూది, గట్టిగా. పొట్టకు రీక్రాన్ 60 గ్రాములు, దాంట్లో కుచ్చు తీసేటప్పుడు లాగి పడేసిన పేక పోగులు 20 గ్రాముల పైచిలుకు కలపాలి. పోగులను ఒక్కసారిగా కూరితే ఉండలవుతాయి. రీక్రాన్‌ను విప్పి పరిచి, మధ్య మధ్యలో చల్లి, మళ్ళీ చేత్తో పీకి కలపాలి. మొత్తం రీక్రాన్ 160 గ్రాములు పడుతుంది. చిన్న చిన్న ముద్దలుగా, ముట్టె కొస నుంచి మొదలుపెట్టి కర్రతో కూరాలి. పెద్ద ముద్ద తోస్తే ముందు ఖాళీ ఉండిపోయి నెల తిరిగేసరికి ముక్కు లోపలికి పోతుంది.

కూర్చోవాలంటే అడుగున బరువు కావాలి. వేరుశనగ పొట్టు పెడదామన్న ఆలోచన మన జిల్లాలో ఎవరికైనా వస్తుంది. వద్దు. పొట్టులో గింజ పొడి, నూనె మిగిలే ఉంటాయి. పురుగు పడుతుంది, ఎలుక వెతుక్కుంటూ వస్తుంది. రాగులు, ఆవాలు పెట్టినా అంతే. వాగు ఇసుక జల్లించి, మూడు నీళ్ళు కడిగి, పెనం మీద పూర్తిగా ఆరేదాకా వేయించి, చల్లారాక 120 గ్రాములు తూచి జేబు గుడ్డతో కుట్టిన రెండు పొరల సంచిలో వేయాలి. సంచి నిండా కాకుండా మూడొంతులే నింపితే కూర్చోబెట్టినప్పుడు పరుచుకుంటుంది. పూర్తయిన బొమ్మ బరువు సుమారు 450 గ్రాములు.

చేతులు, కాళ్ళు కదలడానికి ప్లాస్టిక్ కీళ్ళు అక్కర్లేదు. చేతి లోపలి ముక్కకు లోపల్నుంచి 20 మి.మీ. నాలుగు రంధ్రాల గుండీ, దాని కింద డెనిమ్ బిళ్ళ. తేనెమైనం పట్టించిన లావు దారాన్ని దబ్బనంతో ఒక చంకలోంచి ఒంటి గుండా రెండో చంకలోకి, మళ్ళీ వెనక్కి, ఇలా రెండుసార్లు తిప్పి లాగి చేయి కింద ముడి. మైనం లేకపోతే ముడి వేసేలోపే దారం జారి చేతులు వేలాడతాయి. దారం బిగువు చాలకపోవడమే చాలా బొమ్మల్లో లోపం. లాగాక ఒళ్ళు ఆ చోట కొంచెం లోపలికి సొట్ట పడాలి, అప్పుడే సరి. తలను మాత్రం కదలనివ్వం, మెడ దగ్గర దాపు కుట్టుతో (పైకి కనిపించని కుట్టు) రెండు చుట్లు.

సెప్టెంబరు: పిల్లల చేతికా, అల్మారాకా

కుట్టడం కంటే ఇక్కడే ఎక్కువ ఆలోచించాలి. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలు ఆడుకునే బొమ్మ ఏదైనా 2021 జనవరి 1 నుంచి భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) లైసెన్సు, ఐఎస్ఐ గుర్తు లేకుండా అమ్మకూడదు. వర్తించే ప్రమాణం ఐఎస్ 9873. కేంద్ర హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ కార్యాలయంలో నమోదైన చేతివృత్తుల వాళ్ళు చేసి అమ్మే బొమ్మలకూ, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకూ మినహాయింపు ఉంది. కాబట్టి కుట్టేవాళ్ళు ముందు ఆ నమోదు చేయించుకుని గుర్తింపు కార్డు తెచ్చుకున్నాకే అమ్మకం సంగతి. ‘ఇది షోకేసు వస్తువు’ అని చీటీ అంటించి టెడ్డీ ఆకారంలో బొమ్మను అమ్మేసి తప్పించుకోవచ్చని కొందరంటారు. పిల్లవాడు చీటీ చదవడు కదా.

మినహాయింపు ఉన్నా పరీక్ష మానకూడదు. ప్రతి విడతలో ఒక బొమ్మను పాడుచేయడానికే కేటాయించాలి. 5 లీటర్ల నీళ్ళ క్యాన్‌ను ఒక కంటికి, ఒక గోరుకు, ఒక చెవికి విడివిడిగా బిగించి కాసేపు వేలాడదీయాలి. గోరు జారితే లోపలి 2 సెం.మీ. మీద కుట్టు సరిగా పడలేదని అర్థం. కుచ్చును పిడికిలితో పట్టి లాగితే రెండు మూడు పోగులు రావడం మామూలే, గుప్పెడు వస్తే పై కుట్టు నిడివి 1.5 కంటే పెరిగింది. తెల్ల గుడ్డను తడిపి ఒళ్ళంతా రుద్దితే నలుపు అంటకూడదు. అంటితే ఆ గుడ్డను ఇంకోసారి సోడా నీళ్ళలో వేయాల్సిందే. మూడేళ్ళ లోపు పిల్లలకు మాత్రం ఈ బొమ్మ వద్దు. నోట్లో పెట్టుకునే వయసుకు పోగులు ఊడే జూలు పనికిరాదు, ట్యాగ్ మీదా ఆ మాట ఉంటుంది.

ట్యాగ్

9 సెం.మీ. పొడుగు, 5 వెడల్పు అట్ట, ధర్మవరం పట్టు పోగుతో మెడకు కట్టినది. బొమ్మకు పట్టు కండువా వేద్దామన్న సలహా వచ్చింది. జరీ అంచు గుచ్చుకుంటుంది, పైగా ఎలుగు కాస్తా పెళ్ళికొడుకు బొమ్మవుతుంది. పోగు చాలు.

అట్ట మీద ఏం రాయాలన్నదానికి జాంబవంతుడు తప్పకుండా వస్తాడు. ఆయన్ని మర్యాదగా పక్కన పెట్టాం. జాంబవంతుడి గుహ తమదేనని చెప్పుకునే ఊళ్ళు చాలా ఉన్నాయి. ఇంకో చిక్కు జిల్లాలది. అనంతపురం జిల్లా 1882లో బళ్ళారి నుంచి విడిపోయి ఏర్పడింది. రాయదుర్గం అప్పుడు రాలేదు, బళ్ళారిలోనే ఉండిపోయింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి మైసూరుకు పోయి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి, రాయదుర్గం అనంతపురంలో కలిసింది. 2022 ఏప్రిల్‌లో ధర్మవరం, లేపాక్షి శ్రీ సత్యసాయి జిల్లాకు వెళ్ళాయి. అందుకే ట్యాగ్ మీద ‘అనంతపురం పట్టు’ అని రాయకూడదు, ‘ధర్మవరం పట్టు’ అనాలి. బొమ్మ పేరు కూడా జిల్లాది కాకుండా ఊరిదే పెట్టడానికి కారణం ఇదే. జిల్లా గీతలు మళ్ళీ మారినా అచ్చు మార్చనక్కర్లేదు.

ఇప్పటికి ఖాయమైన మాటలు ఇవి:

“నేను ఎలుగుబంటిని. రాయదుర్గం గుట్టల్లో ఉంటాను. చెదలు, చీమలు, తేనె, సీతాఫలాలు తింటాను. నా జూలు, ముట్టె, రొమ్ము గీత అన్నీ ఇక్కడ జీన్స్ కోయగా మిగిలిన ఒకే గుడ్డలోవి. రాయదుర్గం 1953 దాకా బళ్ళారి జిల్లాలో ఉండేది. బళ్ళారి వైపు దరోజిలో 1994 నుంచి మా కోసం అభయారణ్యం ఉంది. నిజంగా ఎదురైతే దగ్గరికి రావద్దు. ఉతకొద్దు, తడిగుడ్డతో తుడవండి. మూడేళ్ళ లోపు పిల్లలకు ఇవ్వొద్దు.”

‘దగ్గరికి రావద్దు’ అన్న మాట తీసేయమన్న అభిప్రాయం కూడా ఉంది, బొమ్మ ముద్దుగా ఉండాలి కదా అని. ఉంచేశాం. చేనుకు కాపలా పోయే రైతు మీద పడి చీరేసే జంతువు ఇది. పొద్దున్నే మసక వెలుతురులో చప్పుడు లేకుండా దాని మీదికి నడిచి వెళ్ళినప్పుడే ఎక్కువగా గాయాలవుతాయి. ఆ ఊళ్ళలో ఈ బొమ్మను అమ్మాలంటే ఆ సంగతి మనకు తెలుసని వాళ్ళకు కనిపించాలి.

ఇప్పుడు బల్ల మీద ఉన్నది

పిల్ల ఎలుగు. తల్లి ఎలుగు పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని తిరుగుతుంది, అవి భుజాల జూలును పట్టుకుని ఉంటాయి. 11 సెం.మీ. పిల్లను చేసి తల్లి వీపు మీద నిలపాలి. జీన్స్ నడుము గుండీతో బిగిస్తే పట్టు బాగుంది గానీ గుండీ తల పిల్ల పొట్టలో గట్టిగా తగులుతోంది, తల్లి వీపున రెండు వరసల కుచ్చు కూడా కత్తిరించాల్సి వస్తోంది. టిచ్ బటన్ చదునుగా ఉంటుంది, లాగితే మాత్రం త్వరగా ఊడుతుంది. తర్వాత చూడబోయేది పిల్ల చేతుల్లో సన్న ఇనుప తీగ లేకుండా, నాడా ముక్కలతోనే తల్లి మెడ కింద ముడి పడేలా చేయడం. పిల్లకు కుచ్చు 12 ఔన్సుల గుడ్డది మరీ లావుగా ఉంది. 6 ఔన్సుల చొక్కా డెనిమ్ నల్లది, పేక తెల్లగా ఉన్నది ఇంకా దొరకాలి.